అద్దాల కాంచళి, అమ్మాయి చేతిలో ఫోను

పల్నాటిలోని మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మండలాల సుగాలీ (లంబాడీ, బంజారా) తండాల్లో శ్రావణం వచ్చిందంటే తీజ్ సందడి. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, ఏపుగా పెరిగిన మొలకల్ని ఆటపాటలతో నిమజ్జనానికి తీసుకెళ్తారు. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికీ అదే ఉత్సాహం. ఈ పండగలకు ఇప్పుడు ఇంకో వేడుక తోడైంది. ముస్తాబు కాగానే ఫొటో దిగడం, దాన్ని వాట్సాప్ స్టేటస్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పెట్టడం. నరసరావుపేటలోనో గుంటూరులోనో డిగ్రీ చదువుతూ ఏడాది పొడుగునా చుడీదార్లు వేసుకునే అమ్మాయి, ఆ రోజు నాయనమ్మ చేత ట్రంకుపెట్టె తెరిపించి ఫేటియా, కాంచళి, టుక్రి తీయించుకుంటుంది. ఫేటియా అంటే కుచ్చుల లంగా, కాంచళి అంటే రవిక, టుక్రి తల మీది ముసుగు.

ఇదంతా ఈ కాలం పిల్లల షోకు అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నాకు మాత్రం ఇందులో తప్పు కనిపించదు. నలుగురూ చూడాలనే కదా ఆ బట్టల్ని అంత ఓపిగ్గా కుట్టింది! ఆ చూపించుకోవడానికి ఫొటో ఒక కొత్త దారి. అయితే ఫొటోలో ఏది కనబడాలి, బొమ్మ గీస్తే ఏది తప్పిపోకూడదు, కింద ఏం రాయాలి అన్నవి తెలిసి చేస్తేనే కుట్టిన చేతికి న్యాయం జరుగుతుంది.

ఒకే కట్టు, ఎవరి కుట్టు వారిది

దూరం నుంచి చూస్తే సుగాలీ ఆడవాళ్ల బట్టలన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఎరుపు, నీలం, పసుపు, వాటి మధ్య మెరిసే అద్దాలు. దగ్గరికెళ్తే ఏ రెండు కాంచళులూ ఒకటి కావు. కత్తిరింపు అందరిదీ ఒకటే. ముందు భాగం పలకలుగా ఉంటుంది, చేతుల మీద కుట్టుపని పట్టీలుంటాయి, వీపు మీద దారాలు ముడేస్తారు. ఆ పలకల్లో ఏం నింపాలన్నది మాత్రం కుట్టే మనిషి ఇష్టం. ఒకామె అద్దాలు దగ్గర దగ్గరగా పేర్చి మధ్యలో గుడ్డ కనబడకుండా చేస్తుంది. ఇంకొకామె అద్దాలు తగ్గించి, గవ్వలూ పూసలూ ఎక్కువ వాడుతుంది. మరొకామె పాత నాణేలకు బెజ్జాలు పొడిచి అంచున వరసగా కుడుతుంది. చిరిగిన పాత కాంచళిలో చెడని ముక్కను కత్తిరించి కొత్తదానికి అతకడం కూడా ఉంది. అలా అమ్మ కుట్టు కూతురి రవిక మీదికి వస్తుంది.

ముస్తాబును చూస్తే మనిషి సంగతీ తెలుస్తుంది. చెంపల పక్కన జుట్టుకు వేలాడే వెండి ఘుగ్రి, టోప్లి, మోచేతి పైన వేసుకునే తెల్లని బలియా గాజులు పెళ్లయిన ఆడవాళ్ల గుర్తులు. ఒకప్పుడు ఆ గాజులు దంతంతో చేసేవారు, ఇప్పుడవి ప్లాస్టిక్‌వి. కాబట్టి ఫొటో కోసం ముస్తాబయ్యే పెళ్లికాని పిల్ల ఏ నగ పెట్టుకోవాలో, ఏది పెట్టుకోకూడదో పెద్దవాళ్లను అడగడం మర్యాద.

అద్దం నిలిచేది దారం మీదే

ఇందులో అసలు నైపుణ్యం అద్దం కుట్టడంలో ఉంది. ఆ అద్దం బిళ్లకు బెజ్జం ఉండదు, జిగురు పెట్టరు. గుడ్డ మీద బిళ్లను బొటనవేలితో అదిమిపట్టి, దాని మీదుగా ముందు రెండు దారాలు నిలువుగా లాగుతారు. తర్వాత రెండు దారాలు అడ్డంగా లాగుతూ, నిలువు దారాన్ని కలిసిన ప్రతిచోటా ఒక మెలిక వేస్తారు. అద్దం మీద నాలుగు దారాల చిన్న చట్రం తయారవుతుంది. ఇక సూదిని ఆ చట్రం కిందుగా దూర్చి బయటికి లాగి, అద్దం అంచు పక్కనే గుడ్డలో ఒక చిన్న కుట్టు వేసి, దారాన్ని సూది కింద ఉంచి బిగిస్తారు. అలా చుట్టూరా తిరిగేసరికి చట్రం నాలుగు పక్కలకూ లాక్కుపోయి గుండ్రని దారపు గట్టు అవుతుంది. బిళ్ల కదలదు. చట్రం వదులైతే అద్దం జారిపోతుంది. మరీ బిగిస్తే గుడ్డ ముడతపడుతుంది. ఎంత బిగించాలన్నది చేతికే తెలియాలి. ఈ పనికి వాడే పలచని అద్దానికి గుజరాత్‌లోని కపడ్‌వంజ్ పేరుపొందింది. గాజును బుడగలా ఊది, లోపల పూత పూసి, పగలగొట్టి బిళ్లలు చేస్తారు.

మిగతా కుట్టుపనికి గుడ్డ మీద పెన్సిలు గీత కూడా ఉండదు. నేతలోని పోగులను కంటితోనే లెక్కపెట్టి గళ్లు, త్రికోణాలు, మెలికల గీతలు తెస్తారు. ఖాందేశ్, మధ్యప్రదేశ్ ప్రాంతాల బంజారాలు పోగులు లెక్కించి గుడ్డ కనబడకుండా నింపే కుట్టుకు పేరు. కర్ణాటక, ఆంధ్ర వైపు అద్దాలు, అతుకులు, గవ్వలు ఎక్కువ. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఉత్తరాది నుంచి దక్కను దాకా తిరిగిన జాతి ఇది. మొగలు సైన్యాలకూ తిండిగింజలు మోసింది. రైళ్లొచ్చి ఆ వ్యాపారం దెబ్బతిన్నాక ఎక్కడివాళ్లు అక్కడ తండాలు వేసుకున్నారు. బాటలో గుడారం మారినా ఒంటి మీది బట్ట మారలేదు.

కెమెరా ఎవరి చేతిలో ఉంది

బట్టను బట్టి మనిషిని చూపడం పల్నాటికి కొత్త కాదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు శిల్పాల్లో, మన ఎండకు పనికిరాని అంగీ, టోపీ తొడుక్కున్న శక సైనికుడొకడు కనిపిస్తాడు. చెక్కిన శిల్పి అతని ఊరును బట్టల్లోనే చెప్పాడు. మన పత్రికల్లో బాపు, వడ్డాది పాపయ్య గీసిన బొమ్మలు చూసి, చీర కట్టునుబట్టి పాత్ర స్వభావం పోల్చుకోవడం తెలుగు పాఠకులు నేర్చుకున్నారు.

ఫొటో మాత్రం మొదట్లో ఇలాంటి జాతుల మేలు కోరి రాలేదు. 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్ ప్రభుత్వం ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’ పేరుతో 8 సంపుటాలు అచ్చువేసింది. దేశంలోని కులాలను, తెగలను వరసగా నిలబెట్టి తీసిన ఫొటోలవి. చాలా వాటి కింద మనిషి పేరుండదు, తెగ పేరే ఉంటుంది. 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. ఫలానా బట్ట కట్టిన మనిషి ఫలానా రకం అని ముద్ర వేసే కాలమది.

ఇప్పుడు కెమెరా తండా పిల్ల చేతిలో ఉంది. ఎలా నిలబడాలో, ఏది చూపాలో, కింద ఏం రాయాలో నిర్ణయం ఆమెదే. ఆ ఫొటోకు విలువ వచ్చేది ఇక్కడే. ‘లంబాడీ డ్రెస్’ అని మాత్రమే రాసి వదిలేస్తే మళ్లీ ఆ పాత సంపుటాల పద్ధతికే వెళ్లినట్లు.

ఫొటో తీయడం, బొమ్మ గీయడం

అద్దాల బట్టకు ఫ్లాష్ పనికిరాదు. పల్నాటి మిట్టమధ్యాహ్నపు ఎండా పనికిరాదు. రెండింటిలోనూ అద్దాలు తెల్లని మచ్చలై కుట్టు కనబడకుండా పోతుంది. పొద్దుటి పూటో సాయంత్రమో వసారా నీడలో, వెలుగు ఒక పక్క నుంచి పడేలా నిలబడితే దారపు గట్లు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. బ్యూటీ ఫిల్టర్ ముఖంతోపాటు కుట్టునూ నున్నగా చేసేస్తుంది, ఎరుపు రంగును మార్చేస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ అంచున వేలాడే కుచ్చుల్ని మసక చేస్తుంది. రెండూ ఆపేయాలి.

నిలువెత్తు ఫొటో ఒక్కటే తీసి ఊరుకోకూడదు. వీపు వైపు నుంచి ఒకటి తీయాలి. టుక్రి అంచు, కాంచళి ముడులు అక్కడే ఉంటాయి. అరచేతి మేర కుట్టుపనిని దగ్గరగా ఒకటి తీయాలి. తర్వాత బట్టల్ని నులకమంచం మీద పరిచి పైనుంచి ఒకటి, తిరగేసి ఒకటి. లోపలి వైపు ముడులు, దారం నడిచిన దారి చూస్తే కుట్టిన మనిషి పనితనం తెలుస్తుంది.

ఫొటోకు తోడు బొమ్మ కూడా గీయాలని నా గట్టి సలహా. లెక్కల పుస్తకంలోని గళ్ల కాగితం ఇందుకు సరిపోతుంది. ఈ కుట్టే లెక్క మీద నడుస్తుంది కాబట్టి ఒక్కో కుట్టుకు ఒక్కో గడి చొప్పున రంగు నింపుకుంటూ పోవచ్చు. ఒక పలక గీసేలోగా అద్దాలెన్ని, వరస ఎక్కడ తిరిగింది, ఏ ముక్క పాత బట్ట నుంచి వచ్చింది అన్నీ కంటికి తెలిసిపోతాయి. ఫొటో చూసి మెచ్చుకోవచ్చుగాని, ఇలాంటి బొమ్మ చూసి మళ్లీ కుట్టవచ్చు. ఫొటో పక్కనే ఈ బొమ్మనూ పెడితే, చూసినవాళ్లలో ఒకరైనా సూది పట్టుకునే అవకాశముంది.

అద్దె బట్టా, సొంత బట్టా

బజార్లో బంజారా పేరుతో మిషన్ మీద కుట్టిన రవికలు, ప్లాస్టిక్ అద్దాల లంగాలు దొరుకుతున్నాయి. ఫొటోల కోసం అద్దెకిచ్చే దుకాణాలూ ఉన్నాయి. సరదాకు వేసుకునేవాళ్లను తప్పుపట్టలేం. కానీ వాటిని చూసి ఇదే సుగాలీ కుట్టు అని జనం అనుకుంటే, నెలల తరబడి చేత్తో కుట్టిన కాంచళికి వెల కట్టే మనిషే ఉండడు. బరువనీ, ఉక్కపోతనీ, బడిలో తోటివాళ్లు నవ్వుతారనీ ఈ బట్ట వదిలేసిన తరాలున్నాయి. తిరిగి రోజూ కట్టుకోమని వాళ్లను ఎవరూ అడగలేరు. పని మిగలాలంటే పనికి డబ్బు రావాలి.

పక్క రాష్ట్రంలో దారి దొరికింది. బళ్లారి ప్రాంతపు సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో హంపిలో జీ20 సమావేశాలప్పుడు 450 మందికి పైగా లంబాణీ మహిళలు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. సండూరులో అమ్మకానికి ఒక సంస్థ, కుట్టుకు ఒక పేరు ఉన్నాయి. పల్నాటి తండాల్లోనూ అదే సూది ఉంది. ఇక్కడి కుట్టు ఎలా ఉంటుందో చూపే ఫొటోలు, బొమ్మలు కూడబెడితే రేపు గుర్తింపు అడగడానికి ఆధారమూ అవుతాయి.

అందుకు ఈ తీజ్ నుంచే మొదలుపెట్టవచ్చు. ఫొటో పెట్టే ప్రతి అమ్మాయీ కింద మూడు మాటలు రాయాలి: కుట్టిన మనిషి ఎవరు, ఏ తండా, ఏ కుట్టు. కుట్టినామె ఒప్పుకుంటేనే పేరు, ఒప్పుకోకపోతే ‘మా నాయనమ్మ’ అన్నా చాలు. నూటయాభై ఏళ్ల కిందట అచ్చయిన ఫొటోల కింద లేనిది అదే, ఇవాళ రాయడానికి ఒక్క నిమిషం పట్టేదీ అదే.