కారుకు ఇనుప ముక్కెర

తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమ డెల్టా రోడ్లపై తిరుగు కార్లలో కొన్నింటి ముందు మెరయు గొట్టముల చట్రము కనబడును. దీనినే బంపరు గార్డు అందురు. చిన్న ముక్కునకు పెద్ద ముక్కెర వలె ఎబ్బెట్టుగా నుండును. అభిరుచి యజమానిది కావచ్చును. ఇనుము గట్టిది కనుక రక్షణ కలుగునను నమ్మకమును మాత్రము భౌతికశాస్త్రము అంగీకరింపదు.

గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు గోడకు తగిలి, ముందు భాగము అర మీటరు నలిగి ఆగినదనుకొందము. దాని సగటు ఋణ త్వరణము గురుత్వ త్వరణమునకు సుమారు 20 రెట్లు. నలుగుట 10 సెంటీమీటర్లే అయినచో అది దాదాపు 100 రెట్లగును! కావున నలుగుట లోపము కాదు; నలుగవలెననియే ఆ భాగమును నిర్మింతురు. బేలా బరేని యను ఇంజనీరు రూపొందించిన ఈ పద్ధతి 1959లో మెర్సిడిస్ కార్లలో ప్రవేశించినది. గార్డును ఛాసిస్‌కు బిగించినచో తాకిడి నేరుగా ఛాసిస్‌కు చేరును. ఎయిర్‌బ్యాగు విచ్చుకొనవలసిన క్షణమును కనిపెట్టు సెన్సారు కూడ పొరబడవచ్చును.

ఇది కారులోని వారి సంగతి. బాపట్ల నుండి సూర్యలంక తీరమునకు పోవు దారిలో నడచు బడిపిల్లవాని మాట యేమి? అనేక గార్డుల పై గొట్టము వాని రొమ్మెత్తున నుండును. రేకు బానెట్టు కొంత వంగును, గొట్టము వంగదు. ఒకరి సింగారమునకు వేరొకరి ప్రక్కటెముకలు వెలయా?

ఇట్టి బిగింపులు 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనుకు విరుద్ధములనియు, చర్య తీసికొనవలెననియు కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములకు వ్రాసినది. బిగించిన స్పానరుతోనే వాటిని విప్పవచ్చును.