గోడ అవతల మొదలయ్యే తోట

పారశీక రాజుల తోటలు చూసి వచ్చినవాళ్ల ఫోటోలన్నీ ఒకే చోట నిలబడి తీసినట్టుంటాయి. రెండు పక్కలా సైప్రస్ చెట్లు, నడుమ నీళ్ల కాలువ, చివర మండపం. చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. అయితే అక్కడ అసలు మొక్కవలసింది నీటిని నడిపించిన చేతులకు. ఆ పనితనం కంటబడాలంటే మండపానికి వీపు పెట్టి, నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో వెతుక్కుంటూ వెళ్లాలి. ఇరాన్‌లో కాషాన్ పక్కనున్న ఫిన్ తోటనే తీసుకోండి. 1590 ప్రాంతంలో, మొదటి షా అబ్బాస్ కాలంలో, అది ఇప్పటి రూపు దిద్దుకుందంటారు. 1852లో మాజీ ప్రధాని అమీర్ కబీర్‌ను చంపించిన స్నానశాల ఇక్కడే ఉంది గనక చాలామంది ఆ హత్య కథ విని, తలాడించి, వెళ్లిపోతారు. వెనక ఎత్తున ఉన్న సులేమానియే ఊట దాకా పోయేవాళ్లు తక్కువ. ఆ ఊట నీరు మట్టి గొట్టాల గుండా దిగివచ్చి, కాలువ పొడవునా బారులు తీరిన చిన్న చిన్న బుగ్గలై లేస్తుంది. మోటారు లేదు, చక్రం లేదు. ఉన్నదల్లా ఎత్తుపల్లాల తేడా. దూరం పోయేకొద్దీ నీటి ఒత్తిడి తగ్గుతుందని ఏ రైతునడిగినా చెబుతాడు. మరి మొదటి బుగ్గా చివరి బుగ్గా ఒకే ఎత్తున ఎలా లేస్తున్నాయి? గొట్టాల లావు క్రమంగా తగ్గించుకుంటూ పోయారని చెబుతారు. కాలువకు పరిచిన నీలిరంగు పెంకుల వల్ల కొద్దిపాటి నీరు కూడా నిండుగా, లోతుగా కనిపిస్తుంది. తక్కువ నీటితో ఎక్కువ కళ్లు నింపడం ఎడారివాళ్లకే తెలిసిన విద్య.

ఊట లేనిచోట వాళ్లు భూమి లోపలికే వెళ్లారు. కొండ పాదాన నీరు తగిలేదాకా తల్లిబావి తవ్వి, అక్కడినుంచి ఊరిదాకా సొరంగం, మధ్యమధ్య గాలికీ మట్టి తోడుకోవడానికీ నిలువు బావులు. అదే కనాత్. వాలు కాస్త ఎక్కువైతే నీరు సొరంగం అడుగును కోసేస్తుంది. తక్కువైతే ఒండ్రు పేరుకుని పూడిపోతుంది. ఇరుకు చీకట్లో, వెనక రెండు దీపాలు పెట్టుకుని, వాటి వరస తప్పకుండా ముందుకు తవ్విన ముగన్నీలనే కనాత్ పనివాళ్లకు శిలాఫలకాలు లేవు. గోనాబాద్ కనాత్ తల్లిబావి లోతు 300 మీటర్ల పైమాటే. పాతాళంలోని నీటిని పైకి తెచ్చే ఈ విద్య మీద కరజీ అనే గణిత పండితుడు పదకొండో శతాబ్దంలోనే ఒక గ్రంథం రాశాడు. కెర్మాన్ దగ్గర మాహాన్‌లో ఉన్న షాజాదే తోట బతికేది ఇలాంటి కనాత్ నీటితోనే. గోడకు బయట గడ్డిపోచ మొలవని నేల. లోపల అయిదున్నర హెక్టార్ల పచ్చదనం, పై భవనం నుంచి ద్వారం దాకా మెట్టుమెట్టుగా దూకే నీళ్లు. కట్టించిన గవర్నరు పోయాడన్న కబురు వినగానే మేస్త్రి చేతిలోని సున్నం గోడకు విసిరికొట్టి వెళ్లిపోయాడని అక్కడ కథగా చెప్పుకుంటారు. ద్వారం పని ఇప్పటికీ సగంలోనే ఉంది.

అదే బాణీలో వేసిన కశ్మీర్ మొఘల్ తోటలను ఆకాశానికెత్తేవాళ్లతో నాకు చిన్న పేచీ ఉంది. 1619లో జహంగీర్ మొదలుపెట్టించిన షాలిమార్‌కు కొండవాగు తనంత తానే దిగివస్తుంది. సరస్సు ఎదురుగానే ఉంది. చెక్కిన రాతిపలక మీదుగా నీటిని జార్చి నురగ తెప్పించే ‘చాదర్’, జలపాతం వెనక గూళ్లలో దీపాలు వెలిగించే ‘చీనీఖానా’ ముచ్చటైనవే. కానీ నీళ్లున్నచోట నీళ్లతో ఆడుకోవడం వేరు, లేనిచోట రప్పించడం వేరు. నా ఓటు కాషాన్‌కే.

జనం దాహంతో ఉంటే రాజుల విలాసానికి నీళ్లా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. జనం చెమట లేకుండా ఏ రాజు తోటా లేవలేదు. అయితే తోటలో తిరిగిన నీరు అక్కడే ఇంకిపోయేది కాదు. దిగువన పొలాలకు పారేది. మరో వాదన ఉంది. మోటారు పెట్టినా నీళ్లు చిమ్ముతాయి కదా, చూసేవాడికి తేడా ఏం తెలుస్తుందని. తెలుస్తుంది. వాలు మీద వచ్చే నీరు తక్కువ ఎత్తున, ఒకే సద్దుతో ఉబుకుతుంది. మోటారు నీరు మనిషెత్తు లేచి, గాలికి తుంపరలై, సగం కొలను బయటే పడుతుంది. పైగా ఇరాన్‌లో కనాత్‌లను ఎండబెట్టిన పాపంలో పెద్ద వాటా లోతైన బోర్లకున్న ఆ మోటార్లదే. భూగర్భ జలం దిగిపోతే సొరంగంలోకి ఊరేదేమిటి?

నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో పట్టనివాళ్ల చేతిలో తోట ఎలా చస్తుందో లాహోర్ చెబుతుంది. షాజహాన్ 1641లో మొదలుపెట్టించిన అక్కడి షాలిమార్‌లో 410 ఫౌంటెన్లు. వాటికి ఒత్తిడినిచ్చిన నీటి తొట్లు గోడకు బయట ఉన్నాయి. 1999లో రోడ్డు వెడల్పు చేయడానికి ఆ తొట్లను చాలావరకు కూలగొట్టారు. తోటను ముట్టుకోలేదట! గుండె కోసేసి చర్మం గీసుకోలేదన్నట్టుంది. 2000లో యునెస్కో దాన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వ జాబితాలోకి ఎక్కించింది. 2012 దాకా అది అందులోనే ఉంది. మన దేశంలో తెల్లదొరలు చేసిన చేటు ఇంకో రకం. తాజ్‌మహల్ ముందు పండ్లచెట్లుండవలసిన చోట పచ్చికబయలు పరిచారు. సమాధి బాగా కనిపిస్తుంది కదా అంటారు. కనిపించీ కనిపించకుండా నడిపించుకుపోవడానికే కదా ఆ చెట్లు! ఇప్పుడు రిసార్టులు నాలుగు ఈతచెట్లు, రంగు దీపాల ఫౌంటెన్ పెట్టి ‘మొఘల్ గార్డెన్’ అని బోర్డు కడుతున్నాయి. వాటికి ఆ పేరు వాడే హక్కు ఎవరిచ్చారు?

బాగుచేయడం రాక కాదు. ఢిల్లీలో హుమాయూన్ సమాధి తోటను ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు 2003 నాటికి తిరిగి నిలబెట్టారు. కాలువలను 40 మీటర్లకు ఒక్క సెంటీమీటరు వాలుతో మళ్లీ పరిచారు. కంటికి ఆనని ఆ సెంటీమీటరు తప్పితే నీరు కదలదు. వాళ్లే గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో మెట్లబావుల పని కూడా చేశారు. 2013 వానలకు కూలిన పెద్ద బావి గోడ మళ్లీ లేచింది. అక్కడికి వెళ్లినవాళ్లు గుమ్మటాలకు ఫోటో తీసుకుని తిరిగి వచ్చేయకండి. ఆ బావి అంచున కాసేపు నిలబడి, నీళ్లు ఎక్కడినుంచి వచ్చి ఎటు పోయేవో గైడును అడగండి. చెప్పలేకపోతే, తెలుసుకుని చెప్పమని గట్టిగా అడగండి.