అర్థమైందా అని అడిగితే చాలదు

చట్టం తెలియదనటం సాకు కాదని ఏ దేశపు న్యాయస్థానమైనా అంటుంది. అలాంటప్పుడు ఆ చట్టమేమిటో జనానికి తెలిసే మాటల్లో చెప్పవలసిన బాధ్యత కూడా ప్రభుత్వానిదే గదా! ఆస్ట్రేలియాలో ఈ పని యాభై ఏళ్లుగా రేడియో, బొమ్మల కథలు, వీడియోలు, కరపత్రాల ద్వారా జరుగుతున్నది. ఇక్కడి ఆదివాసుల కోసం కొంత, మనబోటి వలస వచ్చినవారి కోసం కొంత. అది ఏ మేరకు నెరవేరిందో ఇక్కడ పరిశీలించదలచాము.

ముందుగా ఒక తేడా గమనించాలి. మనం ఈ చట్టం దగ్గరకు నడిచి వచ్చినవాళ్లం. వీసా కాగితాల మీద సంతకాలు పెట్టి మరీ వచ్చాం. ఆదివాసుల మీదికి చట్టమే నడిచి వచ్చింది. అప్పటికే వారికి తమ చట్టం ఉన్నది. ఆ చట్టం నుంచి వచ్చిన భూమి హక్కును ఇక్కడి హైకోర్టు గుర్తించటానికి 1992లో మాబో కేసు దాకా పట్టింది. కనుక వారికి చట్టం చెప్పటమంటే ఏమీ తెలియనివారికి పాఠం చెప్పటం కాదు. ఒక చట్టం ఎరిగినవారికి మరో చట్టాన్ని వివరించటం. ఈ విషయంలో మనం వారికి ఋణపడి కూడా ఉన్నాం. సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో 1970లో ఆదివాసీ న్యాయసేవా సంస్థ మొదలైంది. ఆ తరువాతనే 1972లో మెల్‌బోర్న్‌లోని ఫిట్జ్‌రాయ్‌లోనూ, పిమ్మట మిగతాచోట్లా ఉచిత న్యాయకేంద్రాలు వెలిశాయి. ఈనాడు మనవాళ్లు ఎక్కే గుమ్మాలు అవే.

ఇటువంటి ప్రచారంలో మంచిచెడ్డలు నిర్ణయించే కొలబద్ద 1976లోనే దొరికిందని మా అభిప్రాయం. నార్తర్న్ టెరిటరీ సుప్రీంకోర్టులో అనుంగా కేసు విచారిస్తూ జస్టిస్ ఫోర్‌స్టర్, ఆదివాసులను ప్రశ్నించే పోలీసులు పాటించవలసిన నియమాలు కొన్ని ఏర్పరచారు. దుబాసీ ఉండాలి, నిందితుడికి నమ్మకమున్న మనిషి పక్కన ఉండాలి. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. 'నీవు మాట్లాడనక్కరలేదు' అన్న హెచ్చరిక చదివి 'అర్థమైందా' అని అడిగితే చాలదు. ఆ హెచ్చరికకు అర్థమేమిటో ఒక్కొక్క ముక్కగా అతని చేతనే చెప్పించాలి. అతనికి అర్థమైనట్లు స్పష్టమయ్యేదాకా ప్రశ్నలు మొదలుపెట్టరాదు. ఎందుచేతనంటే మర్యాద కోసం, ఎదుటివాడు కోరిన జవాబే చెప్పటం వారిలో చాలామందికి అలవాటని న్యాయమూర్తి గమనించారు. భాషాశాస్త్రవేత్త డయానా ఈడ్స్ ఆ తరువాత ఈ 'ఔను' గురించి విపులంగా రాశారు. క్వీన్స్‌లాండ్ న్యాయవాదుల కోసం 1992లో ఒక చేతిపుస్తకమే తయారుచేశారు.

ఈ మర్యాద మనకు కొత్తదా? మందు ఎలా వేసుకోవాలో చెప్పి 'అర్థమైందా' అంటే తెలుగు రోగి ఎవరైనా 'ఆఁ, అర్థమైందండీ' అనే అంటారు. 'ఇంటికి వెళ్లి పిల్లలకు ఏం చెబుతారు?' అని అడిగినప్పుడు గాని మనం చెప్పినదాంట్లో ఎంత చేరిందో తెలియదు. వైద్యులమైన మాకు ఇది రోజూ అనుభవమే. కోర్టులో ఆ 'ఆఁ, అర్థమైందండీ' ఖరీదు జైలు కావచ్చు.

ఈ కొలబద్దతో చూస్తే సాధనాలలో ఎక్కువతక్కువలు తేలుతాయి. 1975లో సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో వలసవారి భాషల్లో రేడియో మొదలైనది, మెడిబాంక్ అనే కొత్త ఆరోగ్య పథకాన్ని వివరించటానికి. తాత్కాలికమనుకున్న ఆ ప్రయత్నం నిలిచి, క్రమంగా ఎస్.బి.ఎస్. అయింది, నేడు అందులో తెలుగు కూడా వినిపిస్తున్నది. తన యాసలో మాట్లాడే గొంతు వంటింట్లోకి రావటం రేడియో బలం. తిరిగి అడగటానికి వీల్లేకపోవటం దాని లోపం. ఆలిస్ స్ప్రింగ్స్‌లో 1980లో ఆదివాసులు నెలకొల్పుకున్న కామా సంస్థ ఈ లోపాన్ని కొంత తీర్చింది. అరెర్న్‌టె, వార్ల్‌పిరి వంటి భాషల్లో మాట్లాడేవారు ఆ ఊళ్లవారే గనుక, విన్నది తెలియకపోతే మర్నాడు వారినే అడగవచ్చు. 1984లో సిడ్నీలో బయలుదేరిన స్ట్రీట్‌వైజ్ బొమ్మల కథల మెచ్చదగిన గుణం వేరు. యువకుల వీధి భాషలో నడిచే ఆ కథల్లో మనిషికి చిక్కు ముందు వస్తుంది, చట్టం తరువాత వస్తుంది. నిజ జీవితంలో వచ్చే వరసా అదే గదా.

ఇక మన తెలుగు కరపత్రాల సంగతి. మా చేతికి వచ్చినవాటిలో తప్పులు తక్కువే; ప్రాణం కూడా తక్కువే. 'ఉపశమనము', 'అధికార పరిధి', 'ప్రతివాది' అన్న మాటలు ఇంగ్లీషు కాగితానికి నీడలు. కొట్టిన భర్తను దూరంగా ఉంచే కోర్టు ఉత్తర్వు గురించి చదివిన స్త్రీ మనసులో మెదిలే మాట 'కేసు'. కేసు పెడితే మొగుడు జైలుకు పోతాడు, తనను ఇండియాకు పంపేస్తారు, అత్తవారూ పుట్టినవారూ కూడా గుమ్మం తొక్కనివ్వరు అని ఆమె భయం. ఉత్తర్వు కోరటమంటే నేరం మోపటం కాదనీ, దాన్ని ఉల్లంఘించినప్పుడే నేరమనీ, దాన్ని కోరటానికి వీసాతో నిమిత్తం లేదనీ మొదటి వాక్యంలోనే చెప్పాలి. విక్టోరియా రాష్ట్రం 2019 నుంచి కట్నం కోసం వేధించటాన్ని కూడా కుటుంబ హింస కింద చేర్చిందని పేరుపెట్టి చెప్పాలి.

అర్ధసత్యం మరింత ప్రమాదం. భాగస్వామి వీసా మీద ఉన్న స్త్రీ హింస వల్ల విడిపోయినా శాశ్వత నివాసం పొందే అవకాశం చట్టంలో ఉన్నది. కాని భర్త విద్యార్థి వీసాకు ఆశ్రితురాలిగా వచ్చినామెకు ఆ వెసులుబాటు సాధారణంగా వర్తించదు. ఈ రెండో మాట వదలివేసిన కరపత్రం మందు పేరు రాసి మోతాదు రాయని చీటీ వంటిది. అటువంటి స్త్రీ ఇల్లు విడిచే ముందే ఉచిత న్యాయకేంద్రంలో తన వీసా సంగతి విచారించుకోవాలి.

ప్రచారానికి హద్దు కూడా ఉన్నది. కస్టడీలో ఆదివాసుల మరణాలపై 1987లో ఏర్పడిన రాయల్ కమిషన్ 99 మరణాలను విచారించి, 1991లో 339 సిఫార్సులు చేసింది. ఆ తరువాత కస్టడీలో మరణించిన ఆదివాసుల సంఖ్య 500 దాటింది. వారందరికీ తమ హక్కులు తెలియకపోవటమే కారణమంటే అది అన్యాయం. ఆదివాసిని అదుపులోకి తీసుకున్నప్పుడు పోలీసులే న్యాయసేవకు ఫోన్ చేసి తీరాలన్న ఏర్పాటు న్యూ సౌత్ వేల్స్‌లో 2000లో వచ్చింది. అక్కడ తెలుసుకోవలసిన భారం బలహీనుడి నెత్తి నుంచి దిగి, అధికారి నెత్తి మీదికి ఎక్కింది. ఏ కరపత్రమూ చేయలేని పని అది.

మనకు అటువంటి ఫోన్ ఎవరూ చేయరు. మనకున్నవి ఇటువంటి పత్రికలు, ఉగాది సభలు, తెలుగు బడులు. వీటిలో వంటల పోటీకి చోటు దొరుకుతున్నది గనుక నెలకు ఒక పేజీ చట్టానికీ దొరకాలి. ఆ పేజీ న్యాయవాది సరిచూస్తే చాలదు. అచ్చుకు ముందు ఇండియా నుంచి వచ్చిన ఒక అత్తగారికి, నిన్న దిగిన ఒక కొత్త కోడలికి వేరువేరుగా చదివి వినిపించాలి. 'అర్థమైందా' అని అడగకూడదు. 'ఏం విన్నారో మాకు చెప్పండి' అనాలి. వారు చెప్పింది తప్పయితే తప్పు రాతది, తిరగరాయాలి. పేజీ అడుగున 131 450 అన్న నంబరు తప్పక వేయాలి. దానికి ఫోన్ చేసి 'తెలుగు' అన్న ఒక్క మాట చెబితే దుబాసీని కలుపుతారు. ఇంగ్లీషు రాని ఇల్లాలికి ఆ ఒక్క మాట వస్తే చాలు.