సిపాయిల జాబులు చదువువారు
అమెరికా అంతర్యుద్ధమున 1863 జూలైలో గెటిస్‌బర్గు సంగ్రామము ముగిసిన కొలది దినములకే అచటికి వచ్చి, క్షతగాత్రుల చెంత కూర్చుండి, ఎవరి దళము ఎచట నిలిచెనో, ఎటు కదలెనో అడిగి వ్రాసికొన్న చిత్రకారుడు జాన్ బాచెల్డర్ పరిశ్రమ నాకు పూజనీయముగ తోచును. తుపాకిమందు పొగలో సైనికునకు ప్రక్కవాడు తప్ప మరేమియు కానరాదు. వాని సాక్ష్యము సత్యమే గాని సమగ్రము కాదు. కావుననే, కాగితము చాలక సిపాయిలు నిండిన పుటనే అడ్డముగ త్రిప్పి పాత పంక్తులమీదుగ వ్రాసిన జాబులను, పెన్సిలు గీతలు మాసిపోయినను, ఓపికతో విడదీసి చదివి, సేనాధిపతుల నివేదికలతో పోల్చి చూచుట చరిత్రకారుని నిత్యకృత్యము. 1943లో దక్షిణసేనలోని సామాన్య సిపాయిని గూర్చియు, 1952లో ఉత్తరసేన సిపాయిని గూర్చియు చరిత్రకారుడు బెల్ వైలీ వెలువరించిన గ్రంథములలో ఆకలి, జ్వరము, పేలు, ఇంటిబెంగ సైతము యుద్ధచరిత్రలో స్థానము పొందినవి.