నెత్తురు లెక్కా? నీళ్ల లెక్కా?

గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలిపోడని ఓ మాట ఉంది. ఉర్దూలో అన్నా తెలుగులో అన్నా ఆ మాట రుచి మారదు. బతుకుదెరువుకి వచ్చిన కోస్తా గుమాస్తా, మార్వాడీ సేటు, తమిళ రైల్వే ఉద్యోగి అందరూ ఆ మాట చెప్పుకునే ఇక్కడివాళ్లయిపోయారు. మిగిలిపోయింది మేమే. మొయినాబాద్‌లోనో చేవెళ్లలోనో చాయ్ తాగుతూ పేరు చెప్పామంటే చాలు, రెండో ప్రశ్న వచ్చేస్తుంది: "మీ పెద్దలు ఎక్కడినుంచి వచ్చారు?" అడిగేవాడు చెడ్డవాడేం కాదు. చాయ్ డబ్బులు కూడా అతనే ఇస్తాడు. కానీ ఆ ప్రశ్నలో ఒక సిద్ధాంతం ఉంది. మనిషి ఏమిటో అతని నెత్తురు చెబుతుందని, ఇప్పటి బతుకు కంటే మూలమే అసలు నిజమని ఆ సిద్ధాంతం అంటుంది. దానికి సైన్సు మద్దతు ఉందని చదువుకున్నవాళ్లు నమ్ముతారు. ఉందో లేదో చూడాల్సిన అవసరం అందరికంటే మాకే ఎక్కువ.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచింది. మళ్లీ అలా జరగకుండా విశ్వేశ్వరయ్య సలహా మీద మూసీకి అడ్డంగా గండిపేట దగ్గర ఆనకట్ట కట్టారు. 1920 నాటికి పూర్తయింది. మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద అది ఉస్మాన్ సాగర్. సరిగ్గా అదే 1920లో ఒక పుస్తకం కూడా అచ్చయింది. దాని పేరు 'కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ హెచ్.ఇ.హెచ్. ది నిజామ్స్ డొమినియన్స్'. రాసినాయన సయ్యద్ సిరాజుల్ హసన్, నిజాం సర్కారులో పెద్ద ఉద్యోగి. ఒకే ఏడు ఒకే సర్కారు నీళ్లకి ఒక కట్ట కట్టింది, మనుషులకి ఒక పట్టిక కట్టింది. నీళ్ల కట్ట గురించి అందరికీ తెలుసు. పట్టిక గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

ఆ పట్టికకి ముందు కథ ఉంది. 1901 జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిస్లీ మనుషుల ముక్కులు కొలిపించాడు. ముక్కు సన్నమైనకొద్దీ కులం పెద్దదని, వెడల్పైనకొద్దీ చిన్నదని తేల్చాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ అదే పని దక్షిణాదిన చేశాడు. 1909లో కె. రంగాచారితో కలిసి ఏడు సంపుటాలు వేశాడు. అందులో మన దూదేకులవాళ్లూ ఉన్నారు. ఈ వరసలోనే సిరాజుల్ హసన్ పుస్తకమూ నిలుస్తుంది. ఒక ముసల్మాన్ అధికారి రాశాడు కాబట్టి చూపు మారిందా అంటే మారలేదు. ఉర్దూ రాజ్యభాషగా ఉన్న చోట ఇంగ్లీషులో రాశాడు. కాపు, గొల్ల, మాల, మాదిగల పెళ్లిళ్లూ చావులూ దేవుళ్లూ వరసగా రాసుకుంటూ పోయాడు. రాసేవాడు పైన, రాయబడేవాడు కింద. ఇది మతానికి సంబంధించిన సంగతి కాదు. ఏలేవాడి చూపు సంగతి. మన నిజాం, మన రాజ్యం అని పొంగిపోయేవాళ్లు ఈ పుస్తకం ఒకసారి తిరగెయ్యాలి.

ఈ కొలతలన్నిటికీ డార్విన్ పేరు వాడుకున్నారు. డార్విన్ చెప్పిందేమో వేరు. 1859లో ఆయన చెప్పిన సూత్రం చాలా సాదాది. ఒకే జాతి ప్రాణుల్లో తేడాలుంటాయి, కొన్ని తేడాలు తరాలకి దిగుతాయి, ఆ చోటికీ ఆ కాలానికీ పనికొచ్చిన తేడాలున్నవి ఎక్కువ పిల్లల్ని మిగుల్చుకుంటాయి. అంతే. ఇందులో గొప్ప, తక్కువ లేవు. ఎక్కడానికి నిచ్చెన లేదు. కొమ్మలు చీలిన చెట్టుంది. 'అర్హుల మనుగడ' అనే మాట మొదట వాడింది డార్విన్ కాదు, 1864లో హెర్బర్ట్ స్పెన్సర్. డార్విన్ దాన్ని తర్వాత 1869 కూర్పులో తెచ్చుకున్నాడు. ఆ మాట మన తెలుగులోకి 'బలవంతుడిదే రాజ్యం' అన్న అర్థంతో దిగింది. డార్విన్ దృష్టిలో 'ఫిట్' అంటే బలవంతుడు కాదు, ఉన్న చోటికి కుదిరినవాడు. ఎండిన చెరువులో పెద్ద చేప చస్తుంది, బురదలో దాక్కోగల చిన్న చేప బతుకుతుంది. 1871 పుస్తకంలో మనుషులంతా ఒకే జాతి అని డార్విన్ వాదించాడు. ముక్కులు కొలిచినవాళ్లకి ఆ వాదం పట్టలేదు.

మా ఉర్దూవాళ్లూ తక్కువ తినలేదు. అక్బర్ అలహాబాదీ డార్విన్‌ని కోతి మాట మీద ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళి ఇప్పటికీ ముషాయిరాల్లో నవ్వు పుట్టిస్తుంది. నవ్వుకోవచ్చు, అక్బర్ గొప్ప హాస్యకవి. కానీ నవ్వుతోనే ఆగిపోయాం. ఉస్మానియా యూనివర్సిటీ కోసం 1917లో పెట్టిన దారుత్తర్జుమా ఆధునిక శాస్త్రాలని ఉర్దూలోకి దించింది. అంత పని చేసిన భాషలో పరిణామవాదం గురించి ఈనాటికీ మాకు అందేది ఎక్కువగా జవాబులూ ఖండనలే. మరో పక్క 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి పరిణామం పాఠాన్ని తీసేశారు. మా మౌల్వీసాబు కోరుకున్నది వాళ్ల పాలన చేసిపెట్టింది. ఇద్దరికీ ఒకళ్లంటే ఒకళ్లకి పడదు, డార్విన్ దగ్గర మాత్రం చేతులు కలుస్తాయి. ఈ స్నేహం మాకు అక్కర్లేదు.

ఇక సెక్యులర్ మిత్రుల సంగతి. వాళ్లు డార్విన్‌ని నమ్ముతారు. కానీ మా దగ్గరికి వచ్చేసరికి స్పెన్సర్‌ని పట్టుకుంటారు. "ముస్లింలు కాలంతోపాటు మారలేదు, అందుకే వెనకబడ్డారు" అంటారు. దీని వెనక 1877లో మోర్గాన్ గీసిన మెట్లున్నాయి. ఆటవికం, అనాగరికం, నాగరికత అని మూడు మెట్లు. ఎంగెల్స్ ద్వారా అవి తెలుగు ప్రగతిశీల వ్యాసాల్లోకి వచ్చాయి. ఆ మెట్ల మీద బుర్ఖా ఒక కింది మెట్టు, ఉర్దూ ఇంకో కింది మెట్టు. డార్విన్ పద్ధతిలో ఆలోచిస్తే అడగాల్సిన ప్రశ్న వేరు. ఈ మనుషులు బతికిన పరిసరం ఏమైంది? 1948 తర్వాత ఉర్దూ కచేరీల నుంచీ యూనివర్సిటీ నుంచీ తప్పుకుంది. ఆ భాషతో బతికిన గుమాస్తా, జవాను, పంతులు ఒక్కసారిగా ఏ పనికీ పనికిరానివాళ్లయ్యారు. జాగీర్దారు సంగతి వేరు, అతనికి మిగిలింది చాలా ఉంది. జాగీర్దారు గుర్రానికి గడ్డి వేసినవాడికి ఏం మిగిలింది? నీళ్లు తోడేసి చేపకి ఈత రాదనడం సైన్సు ఎలా అవుతుంది? గండిపేట నీళ్లు కాపాడాలంటే చెరువొక్కదాన్ని చూస్తే చాలదని 1996లో 111 జీవో తెచ్చి పది కిలోమీటర్ల దాకా పల్లెల్ని లెక్కలోకి తీసుకున్నారు. చెరువు విషయంలో తెలిసిన ఈ జ్ఞానం మనిషి విషయంలో ఎందుకుండదు?

మరి జీవశాస్త్రం సమాజం గురించి ఏమీ చెప్పలేదా? చెబుతుంది. ఎంతవరకో తెలుసుకోడానికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్ అనే ఇద్దరు తెలుగువాళ్లు 1963లో ఆంధ్రప్రదేశ్‌లోని దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్ల మీద ఒక పరిశోధన పత్రం అచ్చువేశారు. ద్రోణంరాజు జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు. మీరాఖాన్ తర్వాత హాలెండ్‌లోని లైడెన్‌లో జన్యుశాస్త్రంలో పేరు తెచ్చుకున్నాడు. ఒక హిందూ పేరు, ఒక ముస్లిం పేరు కలిసి చేసిన ఆ పనిని మన సాహిత్యంవాళ్లు పట్టించుకోలేదు.

పల్లెల్లో ఈ పెళ్లిళ్ల మీద ఒకళ్లనొకళ్లు ఎగతాళి చేసుకోవడం అందరం విన్నదే. "చిన్నాన్న కూతురిని చేసుకుంటారా, చెల్లెలు కాదా?" అని వాళ్లు మమ్మల్ని అంటారు. "అక్క కూతురిని చేసుకుంటారా, తోబా తోబా" అని మేం వాళ్లని అంటాం. వాళ్లకి మేనమామ వరస పవిత్రం, మాకు హరామ్. మాకు చాచా కూతురు వరసైన పిల్ల, వాళ్లకి చెల్లెలు. జన్యువుల లెక్క అడిగితే ఏమంటుంది? అక్క కూతురితో పెళ్లయితే పుట్టే బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడివయ్యే అవకాశం ఎనిమిదింట ఒకటి. చిన్నాన్న కూతురైనా మేనత్త కూతురైనా పదహారింట ఒకటి. చిన్నాన్న కూతురికీ మేనత్త కూతురికీ ఈ లెక్కలో తేడా లేదు. మరదలెవరో చెల్లెలెవరో తేల్చింది సమాజం. జబ్బు వచ్చే అవకాశం ఎంతో చెప్పేది జీవశాస్త్రం. డాక్టరు పని డాక్టరుది, వరసల పని మనుషులది. ఒకదాని పెత్తనం ఇంకోదానికి అప్పజెప్పినప్పుడే ముక్కు కొలిచే సూది బయటికొస్తుంది.

ఇప్పుడు సూది పోయి డి.ఎన్.ఏ. వచ్చింది. హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్, తంగరాజ్ విదేశీ పరిశోధకులతో కలిసి 2009లో 25 సమూహాలకి చెందిన 132 మంది జన్యువుల్ని పోల్చి చూశారు. భారతీయుల్లో దాదాపు అందరూ రెండు పాత జనాల కలయిక అని తేల్చారు. 2013లో వచ్చిన మరో పరిశోధన, ఆ కలయిక సుమారు 4200 ఏళ్ల నుంచి 1900 ఏళ్ల కిందటి మధ్య జరిగిందని, ఆ తర్వాత కులం లోపలి పెళ్లిళ్లు గట్టిపడ్డాయని చెప్పింది. అంటే కులం మొదట్నుంచీ నెత్తురులో లేదు. సమాజం తలుపులు మూసింది, నెత్తురు ఆ తర్వాత వేరుపడింది. రిస్లీ కారణమన్నది ఫలితమని తేలింది. ముస్లింల మీద 2006లో, 2010లో వచ్చిన పరిశోధనలు ఇంకో మాట చెప్పాయి. చూసిన ముస్లిం సమూహాల వారసత్వం చాలావరకు ఇరుగుపొరుగు హిందువులదే, అరబ్బు, ఇరాన్ వైపు నుంచి వచ్చిన పాలు కొద్దిదే అని.

ఈ వార్త చదివి మావాళ్లు కొందరు సంబరపడ్డారు. "చూశారా, మేం ఇక్కడివాళ్లమే, సైన్సే చెప్పింది" అని. ఆ సంబరం మాకు అర్థమవుతుంది. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' రాశాడంటే, పుట్టుకే నేరంగా ఒంటిమీద మోయాల్సిన జాతి బాధ అది. ఆ మచ్చ చెరుపుకోడానికి ల్యాబ్ రిపోర్టు దొరికిందని అనిపించడం సహజం. కానీ ఆగి ఆలోచించాలి. రిపోర్టు చూపించి స్వదేశీతనం నిరూపించుకుంటే, ఆ ప్రశ్న న్యాయమైందేనని ఒప్పుకున్నట్టు. అప్పుడు బార్కస్‌లోని హజ్రమీ అరబ్బు ఏం కావాలి? ఏ.సి. గార్డ్స్‌లోని సిద్దీ ఏం కావాలి? సీసీఎంబీ ఉన్న పేట పేరే హబ్సిగూడ, హబ్షీల పేరు మీద వచ్చిందంటారు. ఆఫ్రికా నెత్తురున్న సిద్దీ గండిపేట నీళ్లు తాగలేదా? రేపు ఇంకో పరిశోధన వచ్చి మా వాటా కొంచెం ఎక్కువ 'బయటిది' అంటే మేం సామాన్లు సర్దుకోవాలా?

ఇదే జబ్బు మా ఇంట్లోనూ ఉంది. షజ్రాలు తీసి అరేబియా దాకా గీతలు గీసుకునే ఖాన్‌దాన్లు, దూదేకులవాడికి పిల్లనివ్వని షరీఫులు మాలో ఉన్నారు. బయటివాడు నెత్తురు చూపించి మమ్మల్ని పరాయి అంటే మండిపడతాం. అదే నెత్తురు చూపించి మేం నూర్‌బాషాని, ఫకీరుని, హజామ్‌ని తక్కువ చేస్తాం. 2007లో వచ్చిన బి.సి.-ఇ రిజర్వేషన్ చూడండి. ధోబీ, ఫకీర్, హజామ్, ఖురేషీ, షేక్, సిద్దీ లాంటి 14 సమూహాలు అందులో ఉన్నాయి. సయ్యద్, మొఘల్, పఠాన్, అరబ్ లేవు. ఎవరినీ జన్యువులు అడగలేదు. పనేమిటి, చదువెంత, ఊళ్లో చూసే చూపెలాంటిది అని అడిగారు. సమాజాన్ని చదవాల్సిన పద్ధతి అది. దాని మీద కోర్టులో వాదనలెన్ని ఉన్నా ఆ ప్రశ్నలు మాత్రం సరైనవి.

పరిణామవాదాన్ని మేం కాదనడం లేదు. అది నిజం కాబట్టే దాన్ని దొంగసొమ్ముగా వాడుకోవడాన్ని ఒప్పుకోం. 1972లో రిచర్డ్ లెవాంటిన్ లెక్కకట్టాడు, మనుషుల మధ్య జన్యు తేడాల్లో సుమారు 85 శాతం ఒక్కో జనసమూహం లోపలే ఉన్నాయని. మొయినాబాద్ సాయిబుకీ పక్కింటి యాదగిరికీ మధ్య ఉన్న తేడా కోసం వెతికేవాడు, ఇద్దరు సాయిబుల మధ్య ఉన్న తేడా చూసి ఆశ్చర్యపోవాలి. అది నేర్పే సైన్సు మాకు కావాలి, మదర్సాలోనూ కావాలి, సర్కారు బడిలోనూ కావాలి.

చివరిగా హాల్డేన్ సంగతి. పరిణామ సిద్ధాంతాన్ని గణితంతో నిలబెట్టిన పెద్దల్లో ఒకడు. పుట్టుక ఇంగ్లండ్. 1957లో ఇండియా వచ్చేశాడు, 1961లో పౌరసత్వం తీసుకున్నాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయాడు. శవాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చెయ్యమని రాసిపెట్టాడు. తెల్లదొర శరీరం తెలుగు నేల మీద పాఠమైంది. ఆయన పెద్దలు ఎక్కడినుంచి వచ్చారని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే మర్యాద. ఆరేడు వందల ఏళ్లుగా ఇక్కడే పుట్టి ఇక్కడే మట్టిలో కలుస్తున్న మాకు ఆ మర్యాద ఎందుకు లేదు?

ఈసారి గండిపేట దగ్గర ఆ ప్రశ్న ఎవరైనా అడిగితే రిపోర్టులు తియ్యం, షజ్రాలూ తియ్యం. ఈ చెరువులో నీళ్లు ఏ ఊరి వానవో వేరుచేసి చెప్పమంటాం. ఈసారి చాయ్ డబ్బులు మాత్రం మేమే ఇస్తాం.