ట్రాక్ ఆగదు, గాయకుడే అందుకోవాలి

హైదరాబాద్ చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభలో పాత సినిమా పాటల కార్యక్రమాలకు కొదవ లేదు. చాలావాటిలో వేదిక మీద గాయనీగాయకులే ఉంటారు. వయొలిన్లు, తబలా, వేణువు వినిపిస్తాయి గానీ కనిపించవు. ఓ మూల ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ఆపరేటరే ఆ పూటకు ఆర్కెస్ట్రా. కరోకేయే కదా అని తీసిపారేస్తాం కానీ, ట్రాక్ నడపడమూ ఓ విద్యే.

ఇది నిన్న మొన్న పుట్టిందేమీ కాదు. 1971లోనే ఇంగ్లండ్ రాక్ బృందం ‘ద హూ’ సింథసైజర్ వరసలను టేపు మీద మోగిస్తూ కచేరీలు చేసింది. డ్రమ్మర్ కీత్ మూన్ చెవులకు హెడ్‌ఫోన్లు బిగించుకుని టేపు వెంట వాయించేవాడు. 1973లో న్యూకాసిల్‌లో టేపులు మొరాయిస్తే గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్‌కు వేదిక మీదే పూనకం వచ్చినంత పనైంది. 2001లో కంప్యూటర్ మీద ట్రాకులు నడిపే ‘ఏబుల్టన్ లైవ్’ సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఇప్పుడు టేపుల బాధ లేదు, మొరాయింపులు మాత్రం ఉన్నాయి.

ట్రాక్‌తో పాటు వాద్యకారులు కూడా ఉండే కచేరీలో అసలు కీలకం క్లిక్. టిక్ టిక్‌మనే ఆ తాళం సభకు వినిపించకూడదు, డ్రమ్మర్ చెవిలోనే మోగాలి. రెండే అవుట్‌పుట్లు ఉంటే ఎడమవైపు క్లిక్, కుడివైపు సంగీతం పెట్టి వైర్లు వేరు చేస్తారు. నాలుగు అవుట్‌పుట్ల సౌండ్‌కార్డు ఉంటే సంగీతం స్టీరియోలోనే వెళుతుంది. పాటకు ముందు రెండు ఆవర్తాల కౌంట్ ఇవ్వడం మంచి అలవాటు. నిమిషానికి 120 దెబ్బల వేగంలో నాలుగేసి దెబ్బల ఆవర్తాలు రెండంటే సరిగ్గా 4 సెకన్లు. ఊపిరి తీసుకోవడానికి ఆ కాస్త చాలు.

గాయకుడి కష్టం వేరు. చరణంలో ఓ పాదం మరిచిపోతే తబలా వాద్యకారుడు మరో ఆవర్తం వాయించి కాపాడతాడు. కీబోర్డు మనిషి కళ్లతోనే సంగతి అందిస్తాడు. ట్రాక్‌కు కళ్లుండవు. అందుకే అనుభవజ్ఞులు ఇంటర్‌లూడ్‌లో ఏ వాద్యం ముగిశాక చరణం ఎత్తుకోవాలో సాహిత్యంతో పాటే బట్టీ పడతారు.

ఆలాపనతో మొదలయ్యే పాటలకు ఓ చక్కని ఉపాయం ఉంది. ట్రాక్‌ను రెండు ముక్కలు చేసి, ఆలాపన భాగం తీసేసి శ్రుతి మాత్రం మోగనిస్తారు. గాయని తీరిగ్గా రాగం పాడుకుని తల ఊపగానే ఆపరేటర్ రెండో ముక్క నొక్కుతాడు, పల్లవి తాళంతో సహా అందుకుంటుంది. ఆ నొక్కు అర సెకను ఆలస్యమైతే రసాభాసే. వేలు ఆపరేటర్‌దే అయినా, అక్కడ పనిచేసేది సంగీతజ్ఞానమే.

శ్రుతి మార్చడం ఇప్పుడు సులువు. క్యాసెట్ వేగం పెంచితే శ్రుతీ తాళమూ కలిసే పెరిగేవి. సాఫ్ట్‌వేర్ రెంటినీ విడదీసింది. అలాగని ఒకటిన్నర శ్రుతి ట్రాక్‌ను ఐదుకు లాగితే వయొలిన్లు కీచుమంటాయి. ఆడ గొంతుకు వేరే ట్రాక్ చేయించుకోవడమే మేలు.

ఇక గండాలు. 44.1 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు ఉన్న ఫైలును మార్పిడి లేకుండా 48లో నడిపితే పాట పరుగెత్తడమే కాదు, దాదాపు ఒకటిన్నర స్వరస్థానాలు పైకి పోతుంది. ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో గుయ్యిమంటే ల్యాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్య పెట్టే, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు సాధారణంగా దాన్ని కుదురుస్తుంది. వైఫై, నోటిఫికేషన్లు, నిద్రపోయే సెట్టింగు ముందే కట్టేయాలి. ఒక పాట అయ్యాక రెండోది దానంతటదే మొదలవకుండా ఆటోప్లే ఆపాలి. లేకపోతే సన్మాన పత్రం చదువుతుండగా హుషారు పాట ఎత్తుకుంటుంది! పెద్ద కచేరీలకు రెండో ల్యాప్‌టాప్ సమాంతరంగా నడవాల్సిందే.

ఇరవై వయొలిన్లను ఏ చిన్న ఊరి సభా భరించలేదు. వాటిని ట్రాక్‌లో పెట్టడం తప్పు కాదు. తాళాన్ని కూడా యంత్రానికి అప్పగించేస్తేనే పాటకు ప్రాణం తగ్గుతుంది, చేయి తిరిగిన వాద్యకారుడికి పనీ పోతుంది. నిర్వాహకులారా, ట్రాక్‌తో పాడిస్తున్నామని ఆహ్వానపత్రికలో ఓ ముక్క వేయండి. పక్కన ఒక్క తబలానైనా కూర్చోబెట్టండి.