ఫోన్ ఎత్తేది ఎవరు?

యాంప్లిఫయర్ల మీద రాసే పత్రికలు వాట్లు కొలుస్తాయి, డిస్టార్షన్ కొలుస్తాయి, శబ్దం ఎంత తియ్యగా ఉందో పేజీలకు పేజీలు వర్ణిస్తాయి. కొన్న ఎనిమిదో ఏట ఎడమ చానెల్ మూగబోతే అవతల ఫోన్ ఎత్తేది ఎవరన్నది మాత్రం రాయవు. లక్షలు పోసి కొనే సామానుకి నా దృష్టిలో అదే మొదటి కొలత.

హై-ఎండ్ ఆడియోలో ఒక విచిత్రం ఉంది. సామాను ఖరీదు పెరిగేకొద్దీ కంపెనీ చిన్నదవుతూ పోతుంది. డిజైన్ గీసిన మనిషే పార్సెళ్ళు చూసుకుంటాడు, ఈమెయిల్‌కి జవాబూ అతనే రాస్తాడు. కుట్టిన దర్జీకే కుట్టు ఎక్కడ విప్పాలో తెలిసినట్టు, అడిగిన దానికి సూటిగా చెప్పగలిగేది అతనొక్కడే.

ఈ మధ్య అమెరికా నుంచి తిరిగొచ్చే మనవాళ్ళ కంటైనర్లలోంచి సోఫాలతో పాటు యాంప్లిఫయర్లూ దిగుతున్నాయి. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. మా మేనల్లుడు రెండు పెట్టెలు తెచ్చుకుని, "మామయ్యా, ప్లగ్గు పెడితే కాలిపోతాయా?" అని నన్నడిగాడు. తయారుచేసినవాళ్ళనే అడగమన్నాను. పెద్ద కంపెనీకి రాస్తే ముందు టికెట్ నంబరు వచ్చింది. తర్వాత, ఈ మోడల్‌కి మీ ప్రాంతంలో సర్వీసు లేదని మర్యాదగా ఒక ముక్క వచ్చింది. చిన్న కంపెనీవాడు సీరియల్ నంబరు అడిగాడు. మర్నాటికల్లా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏ రంగు తీగ విప్పి ఏ రంగు తీగకి కలపాలో బాణాలు గీసిన ఫొటో పంపించాడు.

ఇందులో మాయ ఏమీ లేదు. చాలా ట్రాన్స్‌ఫార్మర్లలో ప్రైమరీ వైపు రెండు చుట్లుంటాయి. ప్యారలల్‌గా కలిపితే అమెరికా కరెంటుకి, సిరీస్‌గా కలిపితే మన కరెంటుకి పనికొస్తాయి. అయితే ఏ సెట్‌లో రెండు చుట్లున్నాయి, ఏ సెట్‌లో ఒకటే ఉందన్నది పెట్టె చేసినవాడికే తెలియాలి. ఆ జవాబులో నాకు నచ్చింది ఆఖరి వాక్యం. 230 మీద కరెంటు సగమే లాగుతుంది కాబట్టి ఫ్యూజు కూడా సగం విలువది వేయించమన్నాడు. మావాడు అడగని సంగతి అది. పాత ఫ్యూజే ఉంచేస్తే సెట్ బాగానే పాడుతుంది, కానీ లోపల ఏదైనా తేడా చేసిన రోజున వేళకి తెగాల్సిన ఫ్యూజు తెగదు.

రికార్డ్ ప్లేయర్ల సంగతి ఇంకో రకం. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని దించుతుందే తప్ప ఫ్రీక్వెన్సీని ముట్టుకోదు. అమెరికాలో 60 హెర్ట్జ్, మనకి 50. మెయిన్స్ మీదే నేరుగా నడిచే సింక్రోనస్ మోటారైతే నిమిషానికి 33⅓ సార్లు తిరగాల్సిన రికార్డు 28 సార్లు కూడా తిరగదు. ఘంటసాల గొంతు మూడు స్వరస్థానాలకు పైగా కిందికి జారిపోతుంది. విన్నవాళ్ళు రికార్డుని అనుమానిస్తారు, సూదిని అనుమానిస్తారు, బెల్టు మార్పిస్తారు. పని తెలిసిన తయారీదారు మొదట అడిగేది ఏ దేశంలో వింటున్నారనే. తర్వాత 50 హెర్ట్జ్ పుల్లీ పంపుతాడు. అరచేతిలో ఇమిడే ఆ చిన్న ముక్క దొరక్క అటకెక్కిన ప్లేయర్లు మన ఊళ్ళలో తక్కువేం కాదు.

కస్టమర్ అడిగేదాకా ఆగకుండా తామే వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో మెకింటాష్ కంపెనీ 1962లో యాంప్లిఫయర్ క్లినిక్‌లు మొదలుపెట్టింది. డేవ్ ఓబ్రయన్ అనే ఆయన కొలత పరికరాలు వెంటబెట్టుకుని ఊరూరా డీలర్ల దుకాణాలకు వెళ్ళేవారు. ఏ కంపెనీ సెట్టయినా సరే, పైసా తీసుకోకుండా పవరు, డిస్టార్షన్ కొలిచి గ్రాఫు గీసి చేతిలో పెట్టేవారు. 1991 దాకా సాగిందీ పని. వ్యాపార తెలివి లేదనను. పక్క కంపెనీ సెట్ మోసుకొచ్చినవాడు తన గ్రాఫు చూసుకుని మొహం వేలాడేసి, దుకాణంలో ఉన్న మెకింటాష్ వైపు ఒక చూపు చూడకుండా ఉంటాడా! అయినా దాచుకోకుండా కొలవడానికి గుండె ధైర్యం కావాలి.

జవాబు చురుగ్గా రావడమే మంచి సేవ అనుకునేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఈ వ్యాపారంలో కస్టమర్లు కూడా తక్కువ తినరు. ఫ్యూజు తిప్పి పెడితే శబ్దం మారుతుందా అని, పవర్ కేబుల్ వేలు పోసి కొంటే గాయని దగ్గరికొచ్చి పాడుతుందా అని రాస్తూ ఉంటారు. "అక్కర్లేదండీ, ఆ డబ్బుతో నాలుగు రికార్డులు కొనుక్కోండి" అని రాయగలిగినవాడి మీద నాకు గురి. అలాంటి ఉత్తరం రాయడానికీ గంట పడుతుంది. ఆ గంటసేపు బెంచి మీద సోల్డరింగ్ ఆగిపోతుంది. వారం ఆలస్యంగా జవాబిచ్చే చిన్న తయారీదారుని నేను అందుకే తప్పుపట్టను.

తప్పుపట్టేది ఇంకొకటి ఉంది. కొందరు బోర్డు మీద కీలకమైన భాగాన్ని రెజిన్‌లో పోతపోస్తారు. ఐసీల మీద నంబర్లు గీకేస్తారు. కాపీ కొడతారన్న భయం ఉత్తది కాదు. కానీ అంతా ఒక్కడి మీద నడిచే కంపెనీలో ఆ ఒక్కడూ మంచాన పడితే, పోతే? ఆ సెట్ కోఠీ గుజరాతీ గల్లీలో ఎంత చెయ్యి తిరిగిన మెకానిక్ ముందు పెట్టినా అతను మూత తీసి, చూసి, మళ్ళీ మూత బిగించి ఇచ్చేస్తాడు. బతికుండగా ప్రతి ఉత్తరానికీ జవాబిచ్చిన మంచి మనిషే తన వెనక జవాబు లేకుండా చేసిపోయినట్టు.

నెల్సన్ పాస్ దారి వేరు. 1974లో థ్రెషోల్డ్, 1991లో పాస్ ల్యాబ్స్ స్థాపించినవాళ్ళలో ఒకరైన ఆయన, ఇంట్లో కట్టుకునేవాళ్ళ కోసం ఎన్నో సర్క్యూట్లు బయటపెట్టారు. 1994లో వచ్చిన జెన్ యాంప్లిఫయర్ వాటిలో ఒకటి. వ్యాపారం మునిగిందా అంటే, లేదు. కెనడాలో బ్రైస్టన్ తన అనలాగ్ యాంప్లిఫయర్లకు 20 ఏళ్ళ వారంటీ ఇస్తుంది, సెట్ చేతులు మారినా అది చెల్లుతుంది. అన్నేళ్ళకి మాటివ్వాలంటే స్పేర్లు అరల్లో ఉండాలి, ఎప్పుడు ఏ భాగం మార్చారో కాగితం మీద ఉండాలి. ఒక్కరి జ్ఞాపకశక్తి మీద నడిచే వ్యవహారం కాదు. ఇంగ్లండులో పీటర్ వాకర్ కంపెనీ క్వాడ్ 1957లో తెచ్చిన ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు ఇప్పటికీ పాడుతున్నాయి. వాకర్ 2003లో పోయారు. వాటి ప్యానెళ్ళు జర్మనీలో ఇంకా కొత్తగా చేస్తున్నారు.

సలహా అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఇదీ. డబ్బు కట్టకముందే తయారీదారుకి రెండు ప్రశ్నలు రాయండి. ఈ సెట్‌ని ఇక్కడి కరెంటుకి మార్చడం కుదురుతుందా? రేపు పాడైతే మా ఊరి మెకానిక్‌కి సర్క్యూట్ డయాగ్రమ్ ఇస్తారా? మొదటి దానికి అందరూ ఏదో ఒకటి రాస్తారు, రెండో దాని దగ్గర చాలామంది మాట మార్చేస్తారు. మెకానిక్ ఎవరో చెప్పండి, ముందు అతనితో మాట్లాడి ఇస్తామనేవాళ్ళూ ఉన్నారు. ఆ షరతు నాకు న్యాయంగానే కనిపిస్తుంది, మా మెకానిక్‌కి మాత్రం అది పరీక్ష పెట్టినట్టుంటుందట.